అక్కకు మార్చి చెప్పిన చివరి పేజీలు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రాతి పలకల కొలతలు రాయడం నా పని. అంగుళం తేడా వచ్చినా మళ్లీ కొలుస్తాను. దీన్ని మాత్రం మళ్లీ కొలిచే ధైర్యం ఇన్నాళ్లూ లేకపోయింది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెంటచింతలలో మా పక్కింటి మరియమ్మక్క నాకు తోబుట్టువు కాదు, అంతకంటే ఎక్కువ. నా భార్య చనిపోయిన ఏడాది ఎండాకాలమంతా నాకు మజ్జిగ పోసింది ఆమే. ఆమెకు ఒక్కతే కూతురు, శాంతమ్మ. ఊరి ఆసామి తన బిడ్డను కృష్ణ అవతల దొరల ఇంటికి కాపురానికి పంపుతూ, పనికి తోడుగా పదమూడేళ్ల శాంతమ్మనూ పంపాడు. అక్క పెనిమిటి ఆ ఆసామికి పాలేరు. కాదనే నోరు వాళ్లకు లేదు. అలా పెళ్లికూతురి వెంట వెళ్లిన పిల్లను అక్కడ ఆడబాప అంటారు. ఇక ఆ గడప దాటనివ్వరు.

ఆ రోజుల్లోనే బడి పంతులుగారు నాకొక అమెరికా నవల ఇచ్చారు. ఒక నల్లజాతి బానిస తల్లి, ఆమె నుంచి విడదీసి అమ్మేసిన కూతురు. మూడు వందల పన్నెండు పేజీలు. నా అంతట నేను నేర్చుకున్న ఇంగ్లీషుతో, రోజుకు ఎనిమిది పేజీల చొప్పున, మధ్యాహ్నం అక్క మిరపకాయల తొడిమలు తీస్తుంటే తెలుగులో చెప్పేవాణ్ణి. అమెరికా ఎక్కడుందో ఆమెకు తెలియదు. నవలలోని యజమానిని మాత్రం మా ఆసామి పేరు పెట్టే తిట్టేది.

ముప్ఫై తొమ్మిదో రోజు చివరి ఎనిమిది పేజీలు మిగిలాయి. వాటిలో తల్లి భయపడి కూతురి కోసం వెళ్లలేదు. కూతురు ఎదురుచూసి చూసి ఏట్లో దూకింది. అక్కడ పేజీ మీద వేలు పెట్టి ఆగాను.

"ఏంది తమ్ముడా, నీళ్లు నములుతున్నావ్? పిల్ల ఏమైందో చెప్పు."

"వచ్చేసిందక్కా. తనంతట తనే."

"తల్లి పోకుండానే?"

"పోకుండానే."

అక్క చాలాసేపు నవ్వింది.

"ఎర్రిదాన్ని. ఈ ఆదివారం చర్చిలో పూజ కాంగానే పడవెక్కుదామనుకున్నా. ఆ దొరసాని కాళ్లు పట్టుకోనన్నా నా పిల్లను తెచ్చుకుందామని. ఇంకెందుకులే, నా పిల్లా అట్టనే వచ్చేస్తది. నీ లెక్క ఎప్పుడన్నా తప్పిందా?"

అప్పుడు చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదు? ఆ నవ్వు చెడగొట్టలేకనా? పడవలో తోడు రమ్మంటుందని, ఆ దొరల వాకిట్లో నేనూ నిలబడాల్సి వస్తుందని భయమా? రెండూ ఉన్నాయి. రెండోదే ఎక్కువ.

నాలుగు నెలలకు శాంతమ్మ పోయిందని కబురొచ్చింది. జ్వరమన్నారు. అక్క నమ్మింది. నేను నమ్మలేదు.

ఆ తరువాత అలాంటి నవలలు మరో ఆరు సంపాదించి చదివాను. అయిదింటిలో ఆ నల్ల ఆడవాళ్లు చనిపోయారు, ఏట్లోనో, ఉరితోనో, ఊరికే దిగులుతోనో. వాళ్లను బతికించడానికి ఈ రాసేవాళ్లకు చేతులు రావా అని కోపం వచ్చేది. ఆ కోపానికి నాకేం అర్హత ఉంది? ఒక పిల్లను నేను నోటిమాటతో బతికించాను, ఆ మాట విని ఒక తల్లి ఇంట్లోనే ఉండిపోయింది. వెళితే శాంతమ్మను ఇచ్చేవాళ్లా? తెలియదు. అది ఎన్నిసార్లు వేసినా తేలని లెక్క. కాని వెళ్లడమో మానడమో అక్క తేల్చుకోవలసింది. నేను తేల్చేశాను.

ఇప్పటికీ రోజూ వాకిట్లోకి వచ్చి అన్నం తిన్నావా అని అడుగుతుంది. అప్పుడప్పుడు ఆ కథ మళ్లీ చెప్పమంటుంది.

"ఆ పిల్లన్నా ఇల్లు చేరింది గదరా, అది చెప్పు," అంటుంది.

చెబుతాను. ఇప్పటికి పదకొండుసార్లు చేర్చాను. ఆమె ముఖం చూస్తూ నిజం చెప్పడం నా వల్ల కాదు. మీకు చెబుతున్నాను. ఆ పిల్ల రాలేదు. తల్లి వెళ్లవలసింది. అక్కను ఆపింది నేను.

రాశాను. ఇవాళ ఊపిరి కాస్త లోపలిదాకా ఆడుతోంది.