ఎగ్జామినర్ చుట్టూ ఒక రౌండు

నేను పదో తరగతి గట్టెక్కడం చూసి మా స్కూలు వాళ్ళే నమ్మలేదు. వాళ్ళను ఇంకా కంగారు పెట్టడం ఎందుకని చదువు అక్కడితో ఆపేశాను. అలాంటి నేను పైలట్ పరీక్షకు వెళ్ళాను. విమానం కాదు లెండి, డ్రోన్.

ఉప్పల్‌లో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో డ్రోన్ ఎగరేసేది నేనే. లైసెన్సు లేకుండా ఇక కుదరదని మా ఓనరన్న తేల్చేశాడు.

"పాసైతే డ్రోన్ నీ చేతులనే ఉంటది. లేకుంటే మళ్ల లైట్ పట్టుడే, బిడ్డా."

పెళ్ళివాళ్ళ మొహాల మీద వెలుగు వేస్తూ నేను చీకట్లో నిలబడ్డ రోజులు నాకు చాలు.

మొదటిసారి పరీక్షలో డ్రోన్‌ను ఎనిమిది అంకెలా తిప్పమన్నారు. బాగానే తిప్పుతున్నాను. ఇంతలో రిమోట్‌కు తగిలించిన ఫోన్ తెర మీద ఎగ్జామినర్ సార్ కనిపించారు. తెల్ల చొక్కా, నడుం మీద చేతులు, వెనక సాయంత్రపు ఎండ. అచ్చం పెళ్ళికొడుకు ఎంట్రీ షాట్! నా వేళ్ళు నన్నేమీ అడగలేదు. డ్రోన్‌ను కిందికి దించి, ఆయన చుట్టూ మెల్లగా ఒక రౌండు కొట్టించి, నెత్తి మీదుగా పైకి లేపాను.

"ఏంది గది?" అన్నారు సార్.

"షాట్ మస్తు వచ్చింది సార్."

"మనుషుల నెత్తి మీదికెల్లి పోతే ఫెయిల్. కండ్లు డ్రోన్ మీద ఉండాలె, ఫోన్ మీద గాదు. పో."

నాచారం చౌరస్తా దాకా నవ్వుకుంటూనే వచ్చాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

"గిదే ఆఖరు," అన్నాడు ఓనరన్న. రెండోసారి మా ఆవిడ పనికి సెలవు పెట్టి వెంట వచ్చింది. తెర వైపు చూపు పోకుండా ఫోన్ మీద జేబురుమాలు కప్పాను. ఎనిమిది తిప్పడం అయింది. అప్పుడు సార్ జీపీఎస్ తీసేయమన్నారు. అది ఉంటే డ్రోన్ వదిలిన చోటే ఆగుతుంది. లేకపోతే గాలి ఎటు తోస్తే అటు జారుతుంది.

జారింది. కంచె వైపు. కంచె అవతల మా ఆవిడ, ఇంకో నలుగురు.

డ్రోన్ ముక్కు నా వైపు తిరిగి ఉంది. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. రిమోట్ మీది స్టిక్ ఎటు నెట్టాలో ఒక్క క్షణం తోచలేదు. నెట్టాను. ఇంకా కంచె వైపే పోయింది. నోరు ఎండిపోయింది. ఎప్పుడూ నోట్లో ఉండే జోకు ఒక్కటీ దొరకలేదు. వేలు అటు నుంచి ఇటు మార్చాను. డ్రోన్ ఊగింది, ఆగింది, నెమ్మదిగా వెనక్కి వచ్చింది. సున్నంతో గీసిన గుండ్రంలో కాళ్ళు మోపేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు.

"పాస్. పోయి నీళ్ళు తాగు," అన్నారు సార్.

గేటు దగ్గర మా ఆవిడ ముందు ఛాతీ విరిచి నిలబడి, స్కూటీ తాళం కోసం చెయ్యి చాపాను.

"ఇయ్యాల్టి సంది నన్ను పైలట్ గారూ అని పిలువాలె, సమజైందా?"

ఆమె ఇంకా వణుకుతున్న నా వేళ్ళను చూసి, తాళం తన దగ్గరే ఉంచుకుంది.

"సరే, పైలట్ గారూ. ఎన్క కూసోండి, బండి నేను నడుపుత."