చింతపండుతో తోమిన ట్రాంబోన్

నా అంత తిక్కలోడు హిందూపురంలో ఇంకొకడు పుట్టలేదు. కోపంలో అంటాండే మాట కాదిది, ఇన్నేండ్లు ఆలోచించుకొని అంటాండా.

డెబ్బైల చివర్లో పెండ్లి బ్యాండులో తాళాలు కొట్టేవాణ్ణి. ధర్మవరం బ్యాండు మేస్త్రీ ఒకరోజు, "సొంత ట్రాంబోన్ తెచ్చుకో అబ్బా, ఈ ముహూర్తాలకు నిన్ను ముందు వరసలో నిలబెడతా" అనినాడు. గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతా ఊదే ఇత్తడి బూర అది. నాకు తెలిసిన ట్రాంబోన్ ఒకటే. పెనుకొండలో ఒక ముసలాయనది, తెల్లదొరల కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిన సరుకు. నాకు ఊదేది నేర్పింది ఆయనే. నేర్చుకున్నన్ని రోజులూ ఊదేంతవరకే నా పని. తుడిచేది, పెట్టెలో పెట్టేది ఆయనే, నన్ను తాకనిచ్చేవాడు కాదు.

అడిగితే పెట్టెతో సహా నా చేతిలో పెట్టినాడు. ఆయాసంతో మాట కూడా సరిగ్గా రాలేదు. "నాకింక ఊపిరి చాలదప్పా. నువ్వు ఊదుకో. ముహూర్తాలకు ముందు ఒక్కసారి వచ్చి నాకు వినిపించి పో. అంతే నేనడిగేది."

సోమందేపల్లి మీదుగా బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చినా. అమ్మ చూసి మూతి తిప్పింది. "ఏందిరా ఈ నలుపు? పెండ్లివాళ్లు చూస్తే గడప తొక్కనిస్తారా?"

నాకు రోషమొచ్చింది. చింతపండు, ఇటుకపొడి తీసుకొని కూర్చున్నా. తోమేకొద్దీ బూర మూతి చుట్టూ పూలతీగె చెక్కడం బయటపడింది. ఓయబ్బా, ఆ సంతోషం! అంతటితో ఆగింటే సరిపోయుండేది. జారే పై గొట్టం ఊడలాగి, లోపలుండే గొట్టాలు రెండూ బయటపెట్టినా. అక్కడక్కడ పసుపు, మిగతాదంతా తెలుపు. ఇత్తడికి తెలుపేంది, పాచి పట్టుంటుంది అనుకున్నా. రెండు రోజులు రుద్దినా, చేతులు బొబ్బలెక్కినాయి. బంగారం మాదిరి తేలింది. వీధివాళ్లంతా వచ్చి చూసిపోయినారు.

పై గొట్టం మళ్లీ ఎక్కించి లాగితే గరగరమనింది. శెనిక్కాయల నూనె పోసినా. ఆ పూట కదిలింది. తెల్లారేసరికి బంక కట్టి బిగుసుకుపోయింది. ముసలాయనే బాగుచేస్తాడులే అని పెనుకొండ బస్సెక్కినా.

నేను వినిపించేకి వచ్చినాననుకున్నాడు. గబగబా లోపలికి పోయి, బ్యాండులో ఊదేనాటి పాత ఎర్రకోటు తొడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెట్టె తెరిచినా. ఆయన నవ్వు ఆగిపోయింది. వేడినీళ్లు పోయించి, కిందామీదా పడి పై గొట్టం ఊడదీసి, లోపలిదాన్ని బొటనవేలితో పైనుంచి కిందికి తడిమినాడు.

"ఈ తెలుపు ఏమైందప్పా?"

"పాచి అనుకొని తోమేసినా."

"పాచి కాదది, పూత. దాని మీదే పై గొట్టం జారేది. నీళ్లు, పాత పంచెగుడ్డ తప్ప ఇంకోటి తాకనీలేదు నేను."

కాళ్లు పట్టుకున్నా. బెంగళూరుకు పోయి మళ్లీ పూత వేయిస్తా అన్నా. "లోతుగా గీతలు పడినాయి. యాడికి పోయినా అంతే" అనినాడు.

ధర్మవరం బ్యాండులో ముందు వరస నాకు దక్కదని ఆ అరుగు మీదే తెలిసిపోయింది. దాని గురించి కాదు నా ఏడుపు. ఆయన గొట్టం ఎక్కించి, ట్రాంబోన్ పెదవులకు ఆనించుకున్నాడు. ఉన్న ఊపిరంతా పెట్టి ఊదితే ఒక్క స్వరం వచ్చింది. చెయ్యి అలవాటుగా గొట్టాన్ని ముందుకు తోసింది, అది కదల్లేదు. అదే స్వరం కొంచెంసేపు మోగి, దగ్గులో కలిసిపోయింది.

తిట్టింటే బతికిపోయుందును. ఆయన మూతి తుడుచుకొని, ట్రాంబోన్ నా చేతికిచ్చి, "బాగా మెరుస్తాండాదిలేప్పా" అనినాడు. కోటు గుండీలు తీసుకుంటా లోపలికి పోయినాడు.