వంతు పాఠం

మా బడిలో పిల్లల్ని చేర్పించేటప్పుడు ఏ తల్లయినా పెద్దసారుతో ఒకే మాట అనేది: "తోలు మీది, బొక్కలు మావి." ఎముకలు విరగనంతవరకు ఎంతైనా కొట్టొచ్చన్న ఆ ఒప్పందాన్ని సారు ఏనాడూ మీరలేదు. ఆయన చింతబరిగె నా అరచేతుల మీదా పిక్కల మీదా ఎన్నిసార్లు పడిందో గుర్తులేదు గానీ, వాతలు గుర్తున్నాయి. ఇంటికొచ్చి చూపిస్తే అమ్మ ఇంకో రెండు తగిలించేది. సారు ఊరికే కొట్టడని ఆమె నమ్మకం. ఆయన ఊరికే కూడా కొట్టేవాడు.

బల్కంపేట వెనక సందులో, ఇప్పుడు కంప్యూటర్ కోర్సుల బోర్డులు కింది నుంచి పైదాకా కప్పేసిన అయిదంతస్తుల మేడ ఉందే, అక్కడ ఉండేది మా రేకుల బడి. సర్కారుది కాదు, ప్రైవేటుదీ కాదు. బస్తీవాళ్లే పెట్టుకుని బస్తీవాళ్లే నడుపుకున్నది. అదంతా కూరగాయల మడులుగా ఉన్న కాలంలో ఒక ముసలి పటేలు తన ఎడ్లకొట్టం జాగా ఇచ్చాడట. అంతకుముందు భజనలకని ఆయన ఇచ్చిన పాకలో కొన్నాళ్లకే పేకముక్కలతో పత్తాలాట మొదలైందట. ఒకసారి మూతి కాలినవాడు కనక, ఈసారి నలుగురిలో షరతు పెట్టాడు. పాఠం నడిచినన్నాళ్లే జాగా బడిది, ఒక్కరోజు ఆగినా మళ్లీ తమ ఇంటిది. కాగితం లేదు, మాటే.

ఆ మాటకు భయపడి మా బస్తీ బడికి సెలవన్నదే లేకుండా చేసింది. ఆదివారాలు, పండుగలు, కర్ఫ్యూ పెట్టిన రోజులు, అన్నిటికీ ఇంటికో వంతు. వంతు వచ్చిన ఇంటివాళ్లు పొద్దున్నే తలుపు తీసి, ఊడ్చి, లోపల కూర్చుని ఒక పాఠం పైకి చదవాలి. బోనాల నాడు కూడా అంతే, వంతు తీరాకే బోనం నెత్తికెత్తుకోవడం. మా ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అమీర్‌పేటలో బండి మీద కూరగాయలమ్మే మా అమ్మ ఆ రోజు తలస్నానం చేసి, బేరం మానుకుని, నా ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చునేది. తెలుగు పాఠం చదివినా, సైన్సు పాఠం చదివినా ఒకే తీరుగా తలూపేది. ఒకసారి బద్ధకించి రెండు పేజీలు కలిపి తిప్పితే వీపు మీద ఒక్కటిచ్చి మొదటి నుంచి చదివించింది.

ఇంతలో అమీర్‌పేటకు సాఫ్ట్‌వేర్ పూనకం పట్టింది. ఏ మెట్లెక్కినా జావా, ఏ గది తలుపు తట్టినా హాస్టలు. జాగాల ధరలు పెరిగేసరికి పటేలు మనవడికి తాత మాట గుర్తొచ్చింది. వాడూ మా బడిలోనే అక్షరాలు దిద్దుకున్నాడు, సారు దెబ్బలూ తిన్నాడు. మొదట మర్యాదగా అడిగాడు. తర్వాత పాఠం జరుగుతుండగా రేకుల మీద రాళ్లు పడ్డాయి. గడప దగ్గర పడుకునే కుక్కను ఎవరో తల పగలగొట్టి తలుపుకు ఆనించి పోయారు. బడికి నీళ్లు పట్టే ఆయమ్మను సందులో ఆపి చెయ్యి మెలిపెట్టారు. ఆమె మర్నాడు రెండో చేత్తో నీళ్లు పట్టింది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం, ఇనుప రాడ్లు పట్టుకుని ఒక మందే వచ్చింది. కుండ పగిలింది, బెంచీలు విరిగాయి, గోడ గడియారం మా మీద ముక్కలై పడింది. చిన్నపిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. సారు బల్ల మీది చింతబరిగె తీసుకుంటాడని చూశాను. ఆయన దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేశాడు.

"ఎవరూ చెయ్యెత్తొద్దు," అన్నాడు. "వీళ్లు మనల్ని కొట్టడానికి రాలేదు, పాఠం ఆపడానికొచ్చారు."

బోర్డు వైపు తిరిగి భిన్నాల లెక్క రాస్తుంటే ఒకడు ఆయన మోచేతి మీద రాడ్డుతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. సారు మోకాళ్ల మీద పడి, ఎడమ చేత్తో సుద్దముక్క వెతుక్కుని, మళ్లీ లేచి రాయబోయాడు. అప్పటికి తల్లులు పరుగెత్తుకొచ్చారు. సారు వాళ్లను చూసి వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నాడు. మా అమ్మ చేతిలో బండి మీది కిలో రాయి ఉంది. సారును కొట్టినవాడి నుదుటి మీద దాన్ని దించింది. వాడి ముఖమంతా నెత్తురు కమ్మి, కళ్లు కనబడక, గోడ తడుముకుంటూ కూలబడ్డాడు.

ఇక ఎవరూ ఆగలేదు. చెప్పులు, చీపుళ్లు, విరిగిన బెంచీల కాళ్లు, ఏది దొరికితే అది. నేనూ ఒక కొయ్య అందుకుని, పడిపోయిన ఒకడి మోకాలి చిప్పల మీద కొట్టాను. పుట్టిన దగ్గర్నుంచి తిన్నవన్నీ వాడికే తిరిగిచ్చాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అది తప్పని ఇప్పటికీ అనను. వాళ్లు పడినవాళ్లను ఈడ్చుకుని పారిపోయారు, మేము గెలిచామని సందంతా కేకలు. సారు ఒక్కడే విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, సగంలో ఆగిన లెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం పోలీసులొచ్చారు. అమ్మ చేతిలో దెబ్బ తిన్నవాడు చావుబతుకుల్లో ఉన్నాడట. బడి తలుపుకు తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేశారు. కేసు తేలేదాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదని ఒక జవానును కాపలా పెట్టారు. సారు ఎందుకు వద్దన్నాడో అప్పుడు మాకు తలకెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అన్నేళ్లలో ఏ రాడ్డూ ఆపలేని పాఠాన్ని మా కిలో రాయి ఆపింది.

మర్నాడు ఆదివారం. వంతు మాది.

పొద్దున్నే అమ్మనూ మరో ఇద్దరినీ ఠాణాకు తీసుకుపోయారు. బస్తీ పిల్లలమంతా వెనకాలే వెళ్లి ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూలబడ్డాం. సారు చేతికి కట్టుతో వచ్చాడు. పుస్తకం తెచ్చావా అని నన్నడిగాడు. తెచ్చాను, ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

"ఈడ చదివితే వంతు లెక్కల రాదు గద సార్," అన్నాను.

"రాదు. చదువు."

బస్సుల మోతలో, కోపంగానే చదివాను. ఒక్క పేజీ దాటెయ్యలేదు. నేను ముగించేసరికి ముగ్గురినీ, కోర్టుకు సెలవు కనక, జడ్జి ఇంటికి తీసుకుపోవడానికి వ్యాన్ ఎక్కిస్తున్నారు. నేను పరుగెత్తాను. అమ్మ కిటికీ జాలికి ముఖం ఆనించింది. తల దువ్వుకోలేదు, రవిక చేతి మీద నిన్నటి నెత్తురు ఎండిపోయి ఉంది. తనను ఏం చేస్తారో అడగలేదు.

"ఇయ్యాల మన వంతు. చదివినవా?"

"చదివిన."

ఎక్కడ అని అడగలేదు. పక్కన కూర్చున్న ఆడ కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"మా వంతు తప్పలే," అని చెప్పింది. వ్యాన్ పంజాగుట్ట వైపు తిరిగింది.