పాడని బ్లేడు వద్దన్న ఇమాముద్దీన్

తాండూరు వడ్రంగి ఇమాముద్దీన్ రంపపు బ్లేడు పాట వినందే కొనేవాడు కాదు. లోకంలో అందరూ బ్లేడుకు పళ్ళు చూస్తారు, పదును చూస్తారు. ఈయన గొంతు చూసేవాడు.

వికారాబాదులో నాది ఇనుప సామాన్ల దుకాణం. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, ఆ చుట్టుపక్కల సన్న బ్లేడ్లు నా దగ్గరే దొరికేవి. టేకు పలకలో పువ్వు ఆకారం తొలిచి, అందులో తెల్లటి పాలకొడిసె చెక్కతో కోసిన పువ్వును అతుకు కనబడకుండా పొదగడం ఇమాముద్దీన్ పని. దానికి గడ్డిపోచంత బ్లేడు కావాలి. విల్లులాంటి రంపపు చట్రం చంకలో పెట్టుకొని రైలు దిగేవాడు. నా బ్లేడ్లు ఒక్కొక్కటే దానికి బిగించి, గోటితో మీటి, కళ్ళు మూసుకొని చెవి ఒగ్గేవాడు. అంతసేపూ దుకాణంలో ఎవరూ దగ్గకూడదు.

"గిది మూగది" అని ఒకటి పక్కన పెట్టేవాడు. "గిది గొణుగుతది. దీనికి సర్ది అయింది."

"భాయ్, నువ్వు కొంటున్నది బ్లేడా, బుల్‌బుల్ పిట్టనా?"

"జర సప్పుడు జేయకు మొగులప్ప సేటూ. గిది ఏందో చెప్తున్నది."

ఒకసారి మొలల కోసం వచ్చిన పెద్దేముల్ రైతు మధ్యలో తుమ్మాడు. ఇమాముద్దీన్ పెట్టె మొత్తం మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. ఆ రైతు మొలలు కొనకుండానే పోయాడు. తర్వాత నా దుకాణం ముందు నుంచి నడిచినా తల ఇటు తిప్పేవాడు కాదు.

ఎందుకు వింటావని అడిగితే పూటకో జవాబు చెప్పేవాడు. "మా అబ్బాజాన్ ఇన్నడు, నేను ఇంటున్న" అని ఒకసారి. "పాడే బ్లేడు ఇరగది" అని ఇంకోసారి. ఉండబట్టలేక ఆయన మూగదన్న బ్లేడుతో నేనే ఒక చెక్క కోసి చూశాను. లక్షణంగా తెగింది. ఆ మాట చెబితే, "నీకు తెగుతది సేటూ, నీ పని వేరు" అని నా చాయ్ కూడా తాగేసి వెళ్ళాడు.

ఆ ఏడు మా ఊరి చర్చికి బైబిలు పెట్టే బల్ల చేయించే పని మార్త టీచరమ్మ మీద పడింది. క్రిస్మస్‌కు కావాలి. ఇమాముద్దీన్ ఒప్పుకున్నాడు గానీ, రంపం మాత్రం తన జోడీ జంగప్పే పడతాడన్నాడు. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే కొట్టం. ఇంతలో ఎవరో టీచరమ్మ చెవిన ఏదో వేశారు. ఆవిడ నా దుకాణంలోనే ఆయన్ను పట్టుకుంది.

"జంగప్ప ఎదురుంగ ఉన్న మనుషులను గుర్తువడ్తలేడట. గసోంటాయనతోని బల్ల కోయిస్తవా? రంపం నువ్వు పట్టు, లేకుంటే పని పట్నపోళ్ళకిస్త."

"ఆయన చేతిల రంపం గుంజుకుంటే ఆయనేం గావాలె అమ్మా? గా పని తప్ప ఇంకోటి రాదు. ఒక్కసారొచ్చి చూడు. పువ్వు వంకర బోతే గప్పుడు అడుగు."

ఆ రోజు ఆయన దుకాణం మూసేదాకా బ్లేడ్లు విన్నాడు. టీచరమ్మ బయలుదేరిన నాడు నేనూ తాండూరు బండెక్కాను. నాకు అక్కడ పనేమీ లేదు, ఆత్రం తప్ప.

జంగప్ప కొట్టం గడప దగ్గర కూర్చుని కోస్తున్నాడు. మేం వెలుతురుకు అడ్డంగా నిలబడ్డా తల ఎత్తలేదు. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. చెక్క మీద పెన్సిలు గీత లేదు. ఇమాముద్దీన్ కత్తి మొనతో పెట్టిన గాటు ఉంది. జంగప్ప ఎడమ బొటనవేలు ఆ గాటు వెంట పాకుతుంటే, వెనకాలే బ్లేడు సన్నగా పాడుతూ వస్తోంది. ఒక మలుపులో దాని గొంతు కీచుమంది. జంగప్ప చేయి ఆపి, చెక్కను కాస్త తిప్పాడు. పాట మళ్ళీ దారిలో పడింది.

అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషి ఇన్నాళ్ళూ నా పెట్టెలు తిరగేసింది జంగప్ప కోసం.

టీచరమ్మ ఏదో అనబోయింది. ఇమాముద్దీన్ "శ్..." అన్నాడు. బడి మొత్తం చేత ఒక్క చూపుతో నోరు మూయించే ఆవిడ నోరు మూసుకొని నిలబడింది.

పువ్వు తెగి ఒళ్ళో పడింది. జంగప్ప దాన్ని మా వైపు చాచాడు. "చూడు టీచరమ్మా. నాకైతే మంచిగనే ఇనవడ్డది."

ఆవిడ దాన్ని పక్కనే తొలిచి ఉంచిన టేకు పలకలో పెట్టి నొక్కింది. సరిగ్గా కూర్చుంది. ఊడదీద్దామంటే గోరు దూరలేదు. "క్రిస్మస్‌కు అందాలె" అని మాత్రం అంది.

బయటికొచ్చాక ఇమాముద్దీన్‌ను నిలేశాను. "నాకన్న చెప్పొద్దా భాయ్? ఊరంత నిన్ను పిచ్చోడంటున్నరు."

"అననీ సేటూ. పిచ్చోనికైతే పని ఇస్తరు. కండ్లు లేనోనికి ఎవలిస్తరు?"

ఆ తర్వాత కొత్త పెట్టె రాగానే నేనే ఒక్కొక్క బ్లేడునూ మీటి, గొంతున్నవి ఆయన కోసం విడిగా దాచసాగాను. నాకు గాలి సోకిందని మా ఇంటావిడ శాంతవ్వ తాయెత్తు కట్టించింది. ఇమాముద్దీన్ వచ్చి, నేను దాచినవన్నీ శ్రద్ధగా విని, సగానికి పైగా పక్కన పడేశాడు.

"చెవుల గుబిలి తీపిచ్చుకో సేటూ" అన్నాడు.