తేటపడిన సీసా

మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు మా నాన్నకు మూత్రంలో రక్తం కనబడింది. నొప్పి లేదు. బెల్ ఎయిర్‌లో మా ఇంటికి వచ్చిన ప్రతివాడూ నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదన్నాడు. ఆసుపత్రి డాక్టరు మాత్రం నొప్పి లేని రక్తమంటేనే తనకు భయమన్నాడు.

ఆయన ముందు మూత్రాన్ని సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించాడు. చెడ్డ కణాలు దొరకలేదు. దొరకలేదంటే లేవని కాదనీ, గడ్డ మూత్రపిండం లోపల ఉంటే ఈ పరీక్షకు చిక్కకపోవచ్చనీ చెప్పాడు. చేతి నరంలోకి మందు ఎక్కించి, అది మూత్రపిండాల్లోంచి కిందికి దిగుతుండగా ఎక్స్‌రే తీస్తామన్నాడు. కోత ఉండదు. సోమవారం పొద్దున రమ్మన్నాడు. ఆదివారం సాయంత్రం విరేచనాల మందు తాగాలి. కడుపు ఖాళీగా ఉంటేనే బొమ్మ స్పష్టంగా పడుతుంది.

నాన్నకు అన్న, మా పెదనాన్న, ఇంత చెబితే "దొరకలేదు" అన్న ఒక్క ముక్కే ఇంటికి మోసుకొచ్చాడు. శుక్రవారానికి రక్తం దానంతటదే ఆగింది. అలా ఆగి మళ్లీ రావడం ఆ జబ్బు స్వభావమని తర్వాత పుస్తకాల్లో చదివాను. అప్పుడు మాత్రం భజన పెద్దలు సీసాలో పట్టిన మూత్రాన్ని కిటికీ వెలుతురుకెత్తి ఒకరి తర్వాత ఒకరు పరీక్షించారు. వాళ్లలో ఒకడు చెరకు తోటలో కూలీలను అదిలించే సర్దారు, ఇంకొకడు దర్జీ. నీళ్లలా ఉందని తేల్చారు. సింహాద్రి అప్పన్నకు మొక్కితే తగ్గిందన్నారు. ఆదివారం సాయంత్రమే రామభజన పెట్టారు. దీపం చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకునేది ఎప్పుడూ నాన్నే. ఉపవాసముండి దీపం ముందు నిలబడేవాడు విరేచనాల మందు తాగుతాడా?

అమ్మ ఒక్కతే సోమవారం సంగతి గుర్తుచేసింది.

"పా బిజిన్, తమ్ముడూ, అక్కర్లేదు," అన్నాడు పెదనాన్న, క్రియోలూ తెలుగూ కలిపి. "కోత లేదు, కుట్టు లేదు, ఫోటో తీస్తే జబ్బు తెలుస్తుందా? అదే అయితే పెళ్లి ఫోటోలవాణ్ణి పిలుద్దాం, సూటు వేసుకో."

అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. ఆదివారం ఆయన గొంతు బాగుంది, అది కాదనను. సోమవారం అలసిపోయి పడుకున్నాడు.

రక్తం మళ్లీ వచ్చేసరికి ఆ ఏటి చెరకు కోత అయిపోయింది. ఈసారి నడుము నొప్పి కూడా వచ్చింది కనుక జబ్బుకు గౌరవం దక్కింది. ఎక్స్‌రేలో మందు ఎడమ మూత్రపిండంలో చక్కగా కనబడింది. కుడివైపు ఏమీ కనబడలేదు. గడ్డ అప్పటికే కాలేయం దాకా పాకిందన్నారు. కొన్ని వారాలకు నాన్న పోయాడు.

పదోరోజున వచ్చినవాళ్లందరికీ పెదనాన్న ఒకటే చెప్పాడు, ఎక్స్‌రే మందే తమ్ముణ్ణి చంపిందని. అది ఎక్కించేదాకా నడుస్తూనే ఉన్నాడట. అందరూ తలలూపారు.

తర్వాత అమ్మ నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. మొదటిసారి రమ్మన్నప్పుడే వచ్చి ఉంటే బతికేవాడా అని అడిగింది. గడ్డ అప్పటికింకా పాకకపోయి ఉంటే ఆ మూత్రపిండం తీసేసేవాళ్లమని, బతికి ఉండవచ్చని ఆయన చెప్పాడు. 

మేము ఇంటికి చేరేసరికి పెదనాన్న మా వరండాలో కూర్చుని ఎవరికో మందు కథ చెబుతున్నాడు. అమ్మ చెప్పులు కూడా విప్పలేదు.

"బావగారూ, ఆ మాట ఇక మీ ఇంట్లో చెప్పుకోండి," అంది.