క్యాంపు వెనక గీసిన అరవై గజాల ఇల్లు

నేను కరీంనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. దుబాయ్‌లో అక్క ఇంటికి వెళ్లినప్పుడు అక్కడే లేబర్ క్యాంపులో ఉండే రాజేశాన్ని కలవకుండా రాకూడదనుకున్నాను. జగిత్యాలలో రెండిళ్ల మధ్య ఇరుక్కున్న ఆయన అరవై గజాల జాగాకు ప్లాన్ నాదే. పైన భార్యాభర్తలకని పెట్టిన గదిని ఆయన ప్రతిసారీ కొట్టేసి, ‘పిల్లల చదువుకు’ అని వాట్సాప్ చేసేవాడు. మీరెక్కడ పడుకుంటారంటే మాట మార్చేవాడు. నెలలో పునాది తీయాలి, ఆ గది సంగతి తేలాలి.

ఆదివారం మెట్రో ఎనిమిదికి గానీ మొదలవదు. అక్క ఉండే డేరా ప్రాంతంలో ఎక్కితే ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌కు గంట పైనే పట్టింది. టికెట్ ఏడున్నర దిర్హాములు, అక్కణ్ణుంచి క్యాంపుకు టాక్సీ పన్నెండు. పదమూడేళ్లుగా సెంట్రింగ్ పని చేస్తున్న రాజేశం గేటు దగ్గరే ఎదురొచ్చాడు. “లోపలికి ఆడోళ్లను రానియ్యరు మేడమ్. అందుకే ఇల్లే బయటికి తెచ్చిన” అన్నాడు. నిజమే! క్యాంపు వెనక కాంక్రీటు మీద నా ప్లాన్ మొత్తం సుద్దతో, అసలు కొలతల్లో గీసి ఉంది. మెస్ వంటాయన మల్లన్న చాయ్ గ్లాసుతో సరిగ్గా వంటగదిలోనే నిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు.

ఆ నవ్వు మెట్ల దగ్గర ఆగిపోయింది. మెట్ల కింద సామాన్లకని నేను వదిలిన చోట, ఆరడుగులు బై మూడడుగుల గడి గీసి ఉంది. “ఇది నాకు మేడమ్. ఓ పరద కడితే ఖలాస్. నా భార్య లక్ష్మి పిల్లల కాడ పండుకుంటది.” సొంతింట్లో మెట్ల కిందా! నాకంటే ముందే మల్లన్న అందుకున్నాడు: “అరే, ఇంటికి వోతున్నవా, ఇంకో క్యాంపుకు వోతున్నవా?”

“గీడ క్యాంపు మంచం మీద గింతల్నే పండుకుంటలేనా? మంచిగ నిద్ర వడ్తది” అంటూ రాజేశం అందులో పడుకుని చూపించాడు. చేతులు చాపమన్నాను. చాపాడు. రెండు చేతులూ సుద్ద గీత దగ్గర ఆగిపోయాయి. అక్కడ గోడ లేదు, పరదా లేదు, ఉత్త గీత. ఇంకా చాపమంటే, “జాగ లేదు కదా మేడమ్” అన్నాడు. చెప్పుతో ఆ గీతను చెరిపేశాను. ఆయన చేతులు బార్లా చాపి చూసుకుని, లేచి, “పై రూము ఉండనియ్యుండ్రి” అన్నాడు.

చిన్న జాగాలో పెద్ద ఇల్లు గీస్తానని గొప్పలు పోయేదాన్ని. అందులో ఉండబోయే మనిషి ఎంత చోటుకు అలవాటుపడ్డాడో ఒక్కసారీ అడగలేదు, సిగ్గుగా ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒకటే సలహా: ప్లాన్ ఒప్పుకునే ముందు దాన్ని నేల మీద అసలు కొలతల్లో గీయించి, మీ గదిలో చేతులు బార్లా చాపి పడుకుని చూడండి.