సామాన్ల గదిలో వియత్నాం గుడి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టులో మేం మామా అని పిలిచే మా యజమానురాలి కుటుంబం లండన్‌లో చల్లగాలి పీలుస్తోంది. సబా అల్ సలేంలోని ఆ పెద్ద ఇంట్లో మిగిలింది ఇద్దరమే: కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్లిన నేను, వంట చేసే వియత్నాం ఆవిడ. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. అది కువైట్‌లో తనకు పెట్టిన పేరనుకుని పలికేది. మాకున్న ఉమ్మడి భాష వంటింటి అరబ్బీ. అందులో ఉల్లిపాయల గురించి ధారాళంగా మాట్లాడుకోవచ్చు, దేవుడి గురించి కష్టం.

మొదటి వారం భయపడ్డాం. రెండో వారం మామా సోఫాలో కూర్చుని చూశాం. మూడో వారం అక్కకు గుడి గుర్తొచ్చింది.

వాళ్ల ఊళ్లో వందల ఏళ్లనాటి గుడి ఉందట. దాని ఫొటో ఆమె పెట్టెలో ఉండేది. సామాన్ల గదిలో బియ్యం బస్తాలు జరిపి, ఫొటో నిలబెట్టి, ఇసుక పోసిన టీ గ్లాసులో అగరొత్తులు గుచ్చి, నన్ను దర్శనానికి పిలిచింది. నేరుగా నడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ గుడికి మూడు ద్వారాలు. నడిమిది పెద్దవాళ్లది, మనలాంటివాళ్లు కుడివైపు నుంచి వెళ్లి ఎడమవైపు నుంచి రావాలి. సామాన్ల గదికి ఉన్నది ఒక్క తలుపు. కుడి అంచుకు ఒరుసుకుంటూ దూరాను. గడప తొక్కకూడదంది. అది మా ఊళ్లోనూ ఉన్నదే కాబట్టి అందులో మాత్రం నెగ్గాను. అగరొత్తులు మూడే వెలిగించాలి, సరిసంఖ్య పనికిరాదు. బయట రొట్టె దొరక్కపోయినా లోపల పద్ధతి తప్పకూడదు.

పూజ చివర ఉత్తుత్తి నోట్లు కాల్చి, పోయిన పెద్దలకు పంపాలట. అవి కువైట్‌లో ఎక్కడివి? ఇరాక్ వాళ్లు పంచిన పత్రికను నోట్ల సైజుకు కత్తిరించింది. అందులో ఏ పేజీ తిప్పినా వాళ్ల అధ్యక్షుడి బొమ్మే. అవి సగం కాలేసరికి ఎవరో వీధి తలుపు బాదారు.

ఇల్లు వెతకడానికి వచ్చిన సైనికుడు. పొగవాసన పట్టి తిన్నగా గుడిలోకే వచ్చాడు, నడిమి ద్వారం గుండా. తుపాకి ఉన్నవాళ్లు పెద్దవాళ్లే కదా. పళ్లెంలో అధ్యక్షుడి మీసం ఒక్కటే కాలకుండా మిగిలింది. అక్క అధ్యక్షుడి ఆయుష్షు కోసం పూజ చేస్తోందని చెప్పాను. మీసాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, తుపాకిని బియ్యం బస్తాకు ఆనించాడు. ఈ దేవుడు జరగబోయేది చెబుతాడా అని అడిగాడు.

చెబుతాడంది అక్క. రెండు నాణేలు పళ్లెంలో వేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడాలి. రెండూ ఒకలాగే పడితే దేవుడు ఒప్పుకోనట్టు. ఈ నెలలో ఇంటికి పోతానా అన్నది అతని ప్రశ్న. రెండూ బొమ్మే పడ్డాయి. అతని మొహం వాడిపోయింది. అక్క మళ్లీ వేసి, అరచేతి చాటున ఒక నాణెం తిప్పేసింది. నేను చూశాను.

"ఖలాస్, ఇంక అంతే. ఇంటికి పోతావు," అంది.

అతను దేవుడి ముందున్న రెండు నారింజలు జేబులో వేసుకుని, ఇల్లు వెతక్కుండానే వెళ్లిపోయాడు.

తర్వాత నేను అడిగాను, ఈ వారం మనం బయటపడతామా అని. మూడుసార్లూ కాదనే పడింది.

"నాకు గూడా అట్ల ఒకటి తిప్పక్కా," అన్నాను చేత్తో చూపిస్తూ.

"వాడు పోవాలి, తిప్పాను. నువ్వు నాతో ఉండేదానివి. నీకు అబద్ధం లేదు," అంది.

అయిదో రోజున, అబ్బాసియాలో మనవాళ్లు మాట్లాడుకున్న బస్సులో మా ఇద్దరికీ చోటు దొరికింది. బాగ్దాద్ దారిలో, మీ దేవుడి మాట తప్పిందే అన్నాను. ఆయనకు ఇక్కడి దారులు తెలియవంది. జోర్డాన్ గుడారాల్లో ఆమె దేశంవాళ్లు వచ్చి ఆమెను వేరే బండి ఎక్కించారు. నా నెత్తిన చెయ్యి పెట్టి ఏదో చెప్పింది. అది అరబ్బీ కాదు. మళ్లీ ఆమె కబురు తెలియలేదు.

ఊరు చేరాక అందరూ ఒకటే అడిగారు, ఏ దేవుడు కాపాడాడని. ఎవరింట్లో ఏ పటం ఉందో చూసుకుని ఆ దేవుడి పేరే చెప్పాను. ప్రతి ఇంట్లోనూ కడుపునిండా భోజనం పెట్టారు.